సీఓపీడీ ఉన్నవారి తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవడం ఎలా?

సీఓపీడీ (ఊపిరితిత్తుల గాలి దారులు ఇరుకై, ఆయాసం వచ్చే దీర్ఘకాల జబ్బు) పేషెంటు ఆరు నిమిషాల నడక పరీక్షలో మధ్యలో ఆగిపోతే ఒక్క ప్రశ్న అడగండి: "ఎందుకు ఆగారండీ, ఊపిరి అందకా, కాళ్లు పీకా?" కాళ్లే అనే జవాబు మీరు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు వస్తుంది. కేస్ షీటులో మాత్రం ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో గట్టిగా ఊదగలిగిన గాలి) ఉంటుంది, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఉంటుంది, ఇన్‌హేలర్ల పేర్లుంటాయి. కాళ్ల గురించి ఒక్క లైను కూడా ఉండదు.

కుర్చీలోంచి లేవాలన్నా, మెట్లెక్కాలన్నా పని చేసేది తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్. ఆయాసానికి భయపడి మనిషి కదలడం తగ్గించేస్తాడు. తిండి తగ్గుతుంది. జబ్బు ముదిరినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు పడతాయి. పొగాకు ప్రభావం ఎలాగూ ఉంటుంది. ఇవన్నీ కలిసి కండరాన్ని తినేస్తాయి. మిగిలిన కండరంలోనూ ఓర్పునిచ్చే టైప్ 1 తంతువుల వాటా తగ్గిపోతుంది. బ్రిటన్, నెదర్లాండ్స్ పేషెంట్లపై 2010లో వచ్చిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మందికి క్వాడ్రిసెప్స్ బలహీనంగా ఉంది. ఊపిరితిత్తుల జబ్బు ఇంకా ముదరని వాళ్లూ అందులో ఉన్నారు. అంటే స్పైరోమెట్రీ (గాలి ఊదే పరీక్ష) రిపోర్టు చూసి కాళ్ల సంగతి ఊహించలేం.

"బరువు బాగానే ఉంది కదా" అని కూడా సరిపెట్టుకోవద్దు. కండరం పోయిన చోట కొవ్వు చేరితే కాటా మీద ఏ తేడా కనిపించదు. టేపుతో తొడ చుట్టుకొలత తీస్తే కొవ్వు, నీరు, కండరం అన్నీ కలిపి ఒకే అంకె వస్తుంది. సీటీ, ఎంఆర్ఐ కచ్చితంగా చూపిస్తాయి కానీ ఈ ఒక్క పనికి పేషెంటును అక్కడికి పంపేవాళ్లెవరు? మంచం పక్కనే పది నిమిషాల్లో అయ్యేది అల్ట్రాసౌండ్. ఫిజియోథెరపిస్టులు, పల్మొనాలజీ పీజీలు దీన్ని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

మెషీన్ ముట్టుకునే ముందు

మన దేశంలో కడుపులోని బిడ్డను చూడగల సామర్థ్యం ఉన్న ఏ అల్ట్రాసౌండ్ మెషీనైనా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. మీరు చూసేది డెబ్బై ఏళ్ల తాతగారి తొడే అయినా సరే, అరచేతిలో పట్టే మెషీనైనా సరే, ఇదే రూలు. ఎక్కడ వాడతారు, ఎవరు వాడతారు అన్నది రికార్డులో ఉండాలి. కాబట్టి రిహాబ్ (వ్యాయామంతో కోలుకునేలా చేసే) విభాగంలో ఇది మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ ఆస్పత్రి రేడియాలజీ వాళ్లతో కూర్చుని, రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. పోర్టబుల్ మెషీన్ కదా అని పేషెంటు ఇంటికి మోసుకెళ్లడం కుదరదు.

ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) విషయానికొస్తే, లీనియర్ ప్రోబ్, అంటే ముందు అంచు తిన్నగా ఉండేది కావాలి. 7 నుంచి 12 మెగాహెర్ట్జ్ మధ్యలో ఏదైనా పనికొస్తుంది. వెడల్పు 5 సెం.మీ. దాటితే మరీ మంచిది, కండరం మొత్తం ఒకే ఫ్రేములో పడుతుంది. జెల్, సాగని కొలత టేపు, స్కిన్ మార్కర్, పల్స్ ఆక్సీమీటర్, కప్పడానికి ఒక దుప్పటి. ఇంతే సరంజామా.

పడుకోబెట్టడం

పుస్తకాల్లో వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టమని ఉంటుంది. సీఓపీడీ ముదిరినవాళ్లు అలా పడుకోలేరు. బలవంతంగా పడుకోబెడితే రెండు నిమిషాల్లో మెడ కండరాలతో ఊపిరి లాగడం మొదలుపెడతారు, ఆ టెన్షన్‌లో కాళ్లూ బిగుస్తాయి. తల వైపు మంచాన్ని 30 డిగ్రీలకు లేపండి. చాలామంది దానికి ఒప్పుకుంటారు, ఇంకా కష్టంగా ఉంటే 45. మనం కొలవబోయేది క్వాడ్రిసెప్స్‌లో ఒక భాగమైన రెక్టస్ ఫెమోరిస్. ఈ కండరం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తుంది. అందువల్ల తుంటి వంపు మారితే దాని ఆకారమూ మారుతుంది. ఏ కోణమైనా ఫర్వాలేదు, దాన్ని రాసిపెట్టుకుని మళ్లీ వచ్చినప్పుడు అదే కోణంలో చూడాలి. ఆక్సిజన్ మీద ఉన్నవారికి ఆక్సిజన్ తీయొద్దు.

పడుకున్నాక కనీసం పది నిమిషాలు ఆగండి. నిలబడినప్పుడు కాళ్లలోకి దిగిన ద్రవం పడుకున్నప్పుడు సర్దుకోవడానికి ఆ టైము కావాలి. ఈలోపు హిస్టరీ తీసుకోండి. నడక పరీక్షో, వ్యాయామమో అయిన వెంటనే స్కాన్ చేయకండి, రక్తప్రసరణ పెరిగి కండరం ఉబ్బి ఉంటుంది. అదే రోజు రెండూ ఉంటే స్కాన్ ముందు, నడక తర్వాత.

లుంగీ కట్టుకున్న పెద్దాయనైతే పని తేలిక. ప్యాంటు పైకి మడిచి స్కాన్ చేయొద్దు, ఆ మడత తొడను చుట్టూ నొక్కేస్తుంది. తీయించి దుప్పటి కప్పండి. చీర కట్టుకున్న అమ్మకైతే పక్కన ఆడ నర్సు గానీ, ఇంటివాళ్లలో ఆడవాళ్లు గానీ ఉండాలి. గజ్జ నుంచి మోకాలి దాకా చూడాల్సి వస్తుందని ముందే చెప్పండి. "ఊపిరితిత్తుల జబ్బుకు తొడ చూడటమేంటి?" అని వాళ్లు అడగరు గానీ మనసులో అనుకుంటారు. "మీ కాళ్లలో సత్తువ ఎంతుందో చూస్తున్నామమ్మా, నొప్పుండదు" అంటే చాలు.

మోకాలు చాపి ఉండాలి. కాలు వదులుగా వదిలేస్తే పాదం బయటికి పడిపోతుంది, దాంతో తొడంతా తిరిగిపోతుంది. పాదానికి బయటివైపు చిన్న దిండో, చుట్టిన తువ్వాలో ఆనించి కాలివేళ్లు పైకప్పు వైపు ఉండేలా చూడండి. పేషెంటు తనంతట తాను పాదాన్ని నిలబెట్టి ఉంచకూడదు. అలా నిలబెడితే కండరం బిగిసినట్టే. చేత్తో మోకాలి చిప్పను పక్కలకు కదిపి చూడండి. తేలిగ్గా కదిలితే కాలు నిజంగా వదిలేసినట్టు. కదలకపోతే "కాలు నాకొదిలెయ్యండి, మీరు పట్టుకోవద్దు" అని ఇంకోసారి చెప్పాలి.

చోటు గుర్తించడం

నడుము ముందు వైపు చేతికి తగిలే ఎముక బొడిపె ఏఎస్ఐఎస్. అక్కడి నుంచి మోకాలి చిప్ప పై అంచు దాకా టేపుతో కొలవండి. సగం దగ్గర కొలిచేవాళ్లున్నారు, మూడింట రెండు వంతుల దగ్గర కొలిచేవాళ్లున్నారు. 2009లో లండన్ బృందం సీఓపీడీలో ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు పై నుంచి ఐదింట మూడు వంతుల దూరంలో కొలిచింది. నేనైతే దాన్నే పట్టుకోమంటాను. తొడ మధ్యలో రెక్టస్ ఫెమోరిస్ వెడల్పుగా ఉండి ప్రోబ్‌లో పట్టకపోవచ్చు. కాస్త కిందికి వస్తే చిన్నదై పూర్తిగా కనిపిస్తుంది.

మొత్తం దూరం 42 సెం.మీ. ఉందనుకోండి. ఐదింట మూడు వంతులంటే 25.2 సెం.మీ. ఏఎస్ఐఎస్ నుంచి అంత దూరంలో తొడ మీద అడ్డంగా చిన్న గీత గీయండి. ఈ 25.2 అన్న అంకెను కూడా రాసుకోవాలి. రెండు నెలల తర్వాత గీత ఉండదు, అంకె ఉంటుంది. కాలు ఏదైనా ఒకటి ఎంచుకోండి, సాధారణంగా కుడి. ఆ కాలికి పాత ఫ్రాక్చరో, మోకాలి ఆపరేషనో, పక్షవాతమో ఉంటే రెండోది చూసి, కారణం రాయండి.

ప్రోబ్ పెట్టే చెయ్యి

కొత్తవాళ్ల కొలతలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. బొమ్మ బాగా రావాలని ప్రోబ్‌ను నొక్కుతారు. కడుపు స్కాన్‌లో అది అలవాటు, అక్కడ తప్పూ లేదు. చిక్కిపోయిన తొడ కండరం మాత్రం మెత్తగా ఉంటుంది, కాస్త నొక్కగానే చదునైపోతుంది. మందం మిల్లీమీటర్లలో తగ్గిపోతుంది. మీరు రెండు నెలల తర్వాత వెతకబోయే మార్పు కూడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

జెల్ ధారాళంగా వేయండి. చిటికెన వేలు, అరచేతి అంచు పేషెంటు తొడ మీద ఆనించి, ప్రోబ్ బరువు మీ చేతి మీదే ఉండేలా పట్టుకోండి. ప్రోబ్ చర్మాన్ని తాకకుండా జెల్ మీద తేలాలి. తెర పైభాగంలో, చర్మం గీతకు పైన నల్లటి జెల్ పొర కనిపిస్తూ ఉంటే మీరు నొక్కడం లేదని అర్థం. ఆ పొర మాయమైతే చెయ్యి కొంచెం లేపండి. ఒకసారి కావాలనే నొక్కి, వదిలి చూడండి. తెర మీద కండరం అణిగి మళ్లీ లేవడం కళ్లారా చూస్తే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ప్రోబ్‌ను తొడకు అడ్డంగా, ఎముకకు నిటారుగా పెట్టాలి. ముందుకో వెనక్కో వాలితే కండరం నుంచి వచ్చే ప్రతిధ్వని తగ్గి బొమ్మ నల్లబడుతుంది, విస్తీర్ణం ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది. కొద్దికొద్దిగా వాలుస్తూ, తొడ ఎముక గీత ఎక్కడ బాగా తెల్లగా మెరుస్తుందో అక్కడ ఆగండి.

తెర మీద ఏది ఏది

పై నుంచి కిందికి: చర్మం, దాని కింద తెల్ల చారలున్న నల్లటి కొవ్వు పొర, తర్వాత ప్రకాశంగా ఒక గీత. ఆ గీత కండరాన్ని కప్పిన పొర. దాని కింద మామిడి టెంకను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉండేదే రెక్టస్ ఫెమోరిస్. దాని కింద మరో తెల్ల గీత దాటితే క్వాడ్రిసెప్స్‌లోనే ఇంకో భాగం, వాస్టస్ ఇంటర్మీడియస్. అన్నిటికంటే అడుగున వంపు తిరిగిన మెరుపు గీత, దాని వెనక చిక్కటి నీడ ఉంటే అది తొడ ఎముక. ఎముక కనిపించేంత డెప్త్ పెట్టుకోండి, సన్నటి మనిషికి 5 లేదా 6 సెం.మీ. చాలు.

వయసు మళ్లినవాళ్లలో, కండరం బాగా తగ్గినవాళ్లలో ఈ అంచులు ఇంత చక్కగా విడిపోవు. ఏది రెక్టస్, ఏది ఇంటర్మీడియస్ అని అనుమానం వస్తే పేషెంటును మోకాలిని మంచానికి మెల్లగా అదమమనండి. కండరాలు కదిలి, వాటి మధ్య పొర ఎక్కడుందో బయటపడుతుంది. తర్వాత పూర్తిగా వదిలెయ్యమని, పదిహేను ఇరవై సెకన్లు ఆగి అప్పుడు ఫ్రీజ్ నొక్కండి.

కొలవడం

రెండు కొలతలుంటాయి. ఒకటి మందం: రెక్టస్, ఇంటర్మీడియస్ రెండూ కలిపి పైపొర నుంచి ఎముక దాకా కేలిపర్ గీత. రెండోది రెక్టస్ ఫెమోరిస్ అడ్డుకోత విస్తీర్ణం: మెషీన్‌లో ట్రేస్ ఆప్షన్ తీసుకుని కండరం చుట్టూ గీత గీయాలి. మందం త్వరగా అయిపోతుంది, కానీ చేతి ఒత్తిడికి తొందరగా లొంగిపోతుంది. కండరం ఫ్రేములో పట్టినంతవరకు విస్తీర్ణమే తీసుకోమంటాను. లండన్ అధ్యయనంలో కండరం బలంతో సంబంధం కనిపించింది దీనికే. అదే వయసు ఆరోగ్యవంతులతో పోలిస్తే సీఓపీడీ ఉన్నవారిలో ఈ విస్తీర్ణం సగటున 25 శాతం తక్కువగా ఉంది.

ట్రేస్ చేసేటప్పుడు తెల్లటి పొరకు లోపలి అంచున గీయండి, పొరను కలుపుకోవద్దు. ఎలిప్స్ టూల్ పెట్టి సరిపెట్టకండి, కండరం ఏనాడూ సరైన దీర్ఘవృత్తంలా ఉండదు. మూడు బొమ్మలు తీయాలి. ఒక్కో బొమ్మకీ ప్రోబ్‌ను పూర్తిగా ఎత్తి, మళ్లీ పెట్టాలి. ఒకే బొమ్మ మీద మూడుసార్లు గీస్తే మీ మౌస్ నైపుణ్యం తెలుస్తుంది తప్ప కొలత నమ్మకం తెలియదు. ఉదాహరణకు 3.92, 4.10, 4.02 చ.సెం.మీ. వచ్చాయనుకుంటే సగటు 4.01. మూడూ ఒకదానికొకటి 10 శాతం లోపు ఉండాలి. ఒకటి ఎగిరిపోతే దాన్ని తీసేసి నాలుగో బొమ్మ తీయండి.

బొమ్మ తెల్లబడటం

ఆరోగ్యంగా ఉన్న కండరం నల్లగా, మధ్యలో సన్నటి తెల్ల చారలతో కనిపిస్తుంది. కొవ్వు, పీచు కణజాలం చేరేకొద్దీ బూడిద రంగుకు, తెలుపుకు మారుతుంది. కళ్లతో చూసి గ్రేడ్ ఇవ్వాలంటే 1982లో వచ్చిన హెక్‌మాట్ స్కేలు ఉంది, నాలుగు మెట్లు. కంప్యూటర్‌లో ఇమేజ్‌జె లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సగటు గ్రే విలువ కూడా తీయొచ్చు, 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు.

అయితే బొమ్మ వెలుగు మార్చే గెయిన్ నాబ్ కాస్త తిప్పితే చాలు ఈ అంకె మారిపోతుంది. గెయిన్, డెప్త్, ఫోకస్, టీజీసీ (లోతును బట్టి వెలుగు సర్దేది) అన్నీ ఒక ప్రీసెట్‌గా సేవ్ చేసుకుని ఎప్పుడూ అదే వాడాలి. వేరే మెషీన్ మీద వచ్చిన విలువతో పోల్చకూడదు. గుండె కుడి భాగం దెబ్బతిని కాళ్లకు నీరు పట్టినవారిలో కూడా బొమ్మ తెల్లబడుతుంది, కొలతా పెరుగుతుంది. పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతుందేమో ముందే చూడండి. ఒక్క కాలే వాచి ఉంటే స్కాన్ పక్కన పెట్టి డాక్టరుకు చెప్పండి, అక్కడ రక్తం గడ్డ సంగతి ముందు తేలాలి.

మీ తప్పు ఎంతో మీకు తెలియాలి

దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రిహాబ్ ముందు 4.01, ఎనిమిది వారాల తర్వాత 4.30 వచ్చిందనుకోండి. 7 శాతం పెరిగింది అని సంబరపడొచ్చా? మీ చేతి తేడా ఎంతో తెలియకుండా చెప్పలేం.

పేషెంట్ల మీద మొదలుపెట్టే ముందు ఒక పదిమందిని, సహోద్యోగులనైనా సరే, రెండు వేర్వేరు రోజుల్లో కొలవండి. మొదటి రోజు అంకెలు చూడకుండా రెండో రోజు కొలవాలి. ఒక్కొక్కరికి రెండు కొలతల మధ్య తేడా తీసి, ఆ తేడాల స్టాండర్డ్ డీవియేషన్‌ను (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఎక్సెల్‌లో లెక్కించి, 1.96తో గుణించండి. ఆ డీవియేషన్ 0.2 వచ్చిందనుకుంటే, గుణించాక 0.39. అంతకంటే తక్కువ మార్పు కండరానిదా, మీ చేతిదా అన్నది ఒక్క పేషెంటులో తేల్చలేం. పై ఉదాహరణలోని 0.29 అందులోకే వస్తుంది. చెయ్యి కుదిరేకొద్దీ ఈ హద్దు తగ్గుతుంది. మొదటిసారి కొలిచిన మనిషే రెండోసారీ కొలవడం అందుకే మంచిది. కుదరకపోతే ఇద్దరూ కలిసి ఇదే లెక్క చేసుకోవాలి.

అంకెను ఎలా చదవాలి

ఇంతకంటే తక్కువైతే జబ్బు, ఎక్కువైతే కాదు అని గీత గీసి చెప్పే అంకె మన పేషెంట్లకు లేదు. ఎత్తు, వయసు, ఆడా మగా, కొలిచిన చోటు అన్నీ దాన్ని మారుస్తాయి. కాబట్టి దీన్ని ఆ మనిషిని అతనితోనే పోల్చడానికి వాడండి. పక్కన పనితీరు పరీక్ష ఒకటి తప్పకుండా ఉండాలి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. ఆసియా దేశాల సార్కోపీనియా (కండరం, బలం తగ్గిపోవడం) బృందం 2019లో 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే తక్కువ పనితీరుగా లెక్కించమంది. చేతి పట్టు బలం మగవారికి 28 కిలోల లోపు, ఆడవారికి 18 కిలోల లోపు ఉంటే తక్కువ. కండరం సైజు పెద్దగా మారకుండానే రిహాబ్‌తో లేచి కూర్చునే వేగం పెరగొచ్చు. పేషెంటుకు కావాల్సింది ముందు అదే.

కొలత తక్కువగా ఉండి, లేవడమూ కష్టంగా ఉంటే రిహాబ్‌లో నడక ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. కాళ్లకు బరువులతో చేసే వ్యాయామం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేర్చండి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఎంత తింటున్నారో అడిగి డైటీషియన్ దగ్గరికి పంపండి. స్టెరాయిడ్ మాత్రలు తరచూ పడుతున్నాయని తెలిస్తే డాక్టరు దృష్టికి తీసుకెళ్లండి. పేషెంటును సొంతంగా ఆపెయ్యమని మాత్రం అనకండి. ఎనిమిది వారాలు గడవకముందే మళ్లీ కొలిచి ప్రయోజనం లేదు. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినవారి సంగతి వేరు, వాళ్లకు చేరిన ఒకటి రెండు రోజుల్లో ఒకసారి, ఇంటికి పంపేముందు ఒకసారి చూడండి. బ్రిటన్‌లో ఇలా చేరినవారిని చూసినప్పుడు, కండరం చిన్నగా ఉన్నవాళ్లే తర్వాతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆస్పత్రిలో గడిపారు.

రిపోర్టులో "కండరం తగ్గింది" అని రాసి వదిలేస్తే రెండోసారి కొలిచేవారికి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "కుడి తొడ. తల వైపు 30 డిగ్రీలు, పది నిమిషాల విశ్రాంతి తర్వాత. ఏఎస్ఐఎస్ నుంచి 25.2 సెం.మీ. లీనియర్ ప్రోబ్, డెప్త్ 5 సెం.మీ., మజిల్ ప్రీసెట్. రెక్టస్ ఫెమోరిస్ విస్తీర్ణం మూడింటి సగటు 4.01 చ.సెం.మీ. కాళ్లకు నీరు లేదు. ఐదుసార్లు లేచి కూర్చోవడం 15 సెకన్లు." బొమ్మలు గీతలున్నవీ, గీతలు లేనివీ రెండూ సేవ్ చేయండి, అనుమానం వస్తే మళ్లీ ట్రేస్ చేయడానికి గీతలు లేని బొమ్మే కావాలి. జెల్ తుడిచి, ప్రోబ్‌ను కంపెనీ చెప్పిన ద్రావణంతో శుభ్రం చేయండి. పేషెంటును ఒక్కసారిగా నిలబెట్టకుండా, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, శాచురేషన్ చూసి దింపండి.